డార్మర్ కప్పు ఎందుకు కురుస్తుంది: మరక ఒకచోట, లోపం ఇంకోచోట

వాన వెలిసిన మర్నాడు అటక గదిలో కిటికీ పక్కన, సీలింగ్ మీద అరచేయంత గోధుమరంగు మరక కనిపిస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. సీలెంట్ ట్యూబు ఒకటి తెచ్చి, పైకెక్కి, మరకకు సరిగ్గా ఎగువన ఏ సందు కంటపడితే అందులో పూసేస్తారు. నెల్లాళ్లు ఏ గొడవా ఉండదు. మళ్లీ ఓ రాత్రి గాలివాన కొడుతుంది, తెల్లారేసరికి అదే మరక ఇంకాస్త పెద్దదై ఉంటుంది. ఇంకో ట్యూబు వస్తుంది. ఇలా మూడు నాలుగేళ్లు గడిచాక ఒకరోజు కిటికీ కింద చెక్కను నొక్కితే వేలు లోపలికి దిగిపోతుంది. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

నీళ్లు ఏ దారిన వస్తున్నాయో చూడకుండా మందు పూయడం వల్ల వచ్చే తిప్పలివి. ఆ దారి తెలిస్తే, ఏ రిపేరు నిలుస్తుందో ఏది నిలవదో మీరే చెప్పగలుగుతారు, పనివాడు చెప్పేది సరైనదో కాదో కూడా పట్టుకోగలుగుతారు.

డార్మర్ అంటే ఏటవాలు కప్పులోంచి ముందుకు పొడుచుకొచ్చిన చిన్న గూడు లాంటి నిర్మాణం. దానికి నిలువుగా ఒక కిటికీ, రెండు పక్కగోడలు, పైన సొంతంగా ఓ బుల్లి కప్పు ఉంటాయి. నిద్రపోవడం అనే అర్థమున్న ఫ్రెంచి మాటలోంచి ఈ పేరు పుట్టింది, ఎందుకంటే కప్పు కింద ఉండే ఆ గదులు పడకగదులు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సువా మాన్సార్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి వాడకంతో, నిటారైన కింది వాలు ఉన్న మాన్సార్డ్ కప్పులు బాగా ప్రాచుర్యంలోకి వచ్చాయి. ఆ వాలులో వరసగా డార్మర్ కిటికీలు పెట్టడం మామూలైంది. గోడను పైకి లేపకుండానే కప్పు కింది ఖాళీని వెలుతురున్న గదిగా మార్చుకోవచ్చు కాబట్టి ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు.

రకాలు చాలానే ఉన్నాయి. రెండువైపులా వాలిన కొప్పుతో గేబుల్ డార్మర్, ఒకే వాలుతో షెడ్ డార్మర్, మూడువైపులా వాలిన హిప్ డార్మర్, కనుబొమలా వంగిన ఐబ్రో డార్మర్, బల్లపరుపుగా కనిపించే ఫ్లాట్ డార్మర్. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. మీ ఇంటి డార్మర్ కప్పు రెండువైపులా వాలిందా, ఒకవైపే వాలిందా, దాదాపు సమతలంగా ఉందా అన్నది తెలిస్తే చాలు.

అతుకులు లెక్కపెడితే

డార్మర్ లేని వాలు కప్పు చాలా సుఖమైనది. కొప్పు దగ్గర పడిన చినుకు పెంకు మీంచి పెంకు మీదికి జారి, ఏ అడ్డూ లేకుండా చూరు చేరుతుంది. అదే కప్పును మధ్యలో కోసి డార్మర్ పెట్టామంటే, కిటికీ కింద ఒక అతుకు, రెండు పక్కగోడల వెంట రెండు, డార్మర్ కప్పు వచ్చి పెద్ద కప్పును కలిసేచోట రెండు లోయలు, డార్మర్ కొప్పు పెద్ద వాలులో దిగేచోట ఒకటి పుడతాయి. వీటికితోడు కిటికీ చుట్టూ ఉన్న సందులు. మూడు నాలుగు చదరపు మీటర్ల మేర ఇన్ని అతుకులు! ఇంటి కప్పు మొత్తంలో ఇంత చిక్కైన చోటు చిమ్నీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. అందుకే డార్మర్ కురుస్తోందంటే నేను ముందు పెంకుల్ని అనుమానించను. అతుకుల్నే అనుమానిస్తాను.

ఈ అతుకుల్లో నీళ్లు దిగకుండా కాపాడేది ఫ్లాషింగ్ అనే లోహపు రేకు. అది జిగురుతో పనిచేయదు, అల్లికతో పనిచేస్తుంది. పైనున్నది ఎప్పుడూ కిందిదాన్ని కప్పుకుని ఉండాలి, నీరు ఎక్కడ ఆగినా మళ్లీ బయటికే జారిపోవాలి. డార్మర్ చుట్టూ ఈ సూత్రం మూడు రకాలుగా కనిపిస్తుంది. కిటికీ కింద రేకు పెంకుల మీద ఉంటుంది. పక్కల్లో పెంకుల మధ్య ఉంటుంది. ఎగువన పెంకుల కింద ఉంటుంది. ఈ మూడు ముక్కలు గుర్తుంచుకుని చూస్తే, తప్పుగా బిగించిన రేకు నేలమీంచి బైనాక్యులర్‌తో చూసినా చాలాసార్లు దొరికిపోతుంది. (ఈ వ్యాసంలో పెంకులు అన్నప్పుడల్లా మట్టి పెంకులు, స్లేటు పలకలు, తారు షింగిల్స్ అనే తారు పూసిన పల్చటి పలకలు అన్నిటినీ కలిపే అంటున్నాను.)

పక్కగోడల దగ్గర

ఎక్కువ లీకులు ఇక్కడే కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం. షింగిల్ కప్పుమీద ఓ పక్కగోడ చెక్కలు విప్పి చూస్తే, సరిగ్గా చేసిన పని ఇలా ఉంటుంది. పెంకుల ప్రతి వరసకూ ఒక చిన్న రేకుముక్క, దాదాపు 20 సెంటీమీటర్ల పొడవు, సమకోణంలో మడిచి ఉంటుంది. ఒక రెక్క కప్పుమీద పడుకుని ఉంటుంది, రెండోది గోడకు ఆనుకుని పైకి లేస్తుంది. దానిమీద ఒక పెంకు, ఆ పెంకు మీద ఇంకో రేకుముక్క, అది కిందిముక్కను 5 సెంటీమీటర్లు కప్పుతూ. మెట్లు మెట్లుగా పైకి వెళ్తుంది కాబట్టి దీన్ని స్టెప్ ఫ్లాషింగ్ అంటారు. గోడకు చుట్టిన నీటినిరోధక కాగితం రేకు నిలువు రెక్క మీదికి దిగి ఉంటుంది. ఆపైన గోడచెక్కలు.

ఇన్ని ముక్కలెందుకు, పొడుగాటి రేకు ఒక్కటి పెడితే పోదా అనిపిస్తుంది. ఒకే రేకు వెనక్కి ఎగువన ఎక్కడో నాలుగు చుక్కలు దిగాయనుకోండి, అవి కిందిదాకా రేకు చాటునే నడిచి ఇంట్లోకి వస్తాయి, మధ్యలో బయటపడే దారి ఉండదు. ముక్కలుగా ఉంటే ఒక ముక్క మీదికి వచ్చిన నీరు ఆ ముక్క చివరనే కింది పెంకు మీదికి జారిపోతుంది. అంటే ప్రతి వరస దగ్గరా ఒక తూము ఉన్నట్టే. ఇంకో సంగతి, ఈ ముక్కల్ని కప్పుకో గోడకో ఏదో ఒకదానికే మేకు కొట్టాలి. వానకు ఎండకు కప్పు చెక్క, గోడ చెక్క ఒకేలా కదలవు. రెండింటికీ బిగిస్తే రేకు చిరుగుతుంది, లేదా మేకు ఊడుతుంది.

పాత పెంకులు తీసి కొత్తవి వేయించుకున్న ఇళ్లలో ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గోడచెక్కలు విప్పడం శ్రమ. అందుకని పాత రేకుల్ని అలాగే వదిలేసి, లేదా అసలు రేకే పెట్టకుండా, కొత్త పెంకుల్ని గోడకు ఆనించి ఆ మూలంతా సీలెంట్ పూసేస్తారు. పని అయినరోజు చూడముచ్చటగానే ఉంటుంది. ఎండ ఆ సీలెంటును కొన్నేళ్లలోనే గట్టిపరచి పగలగొడుతుంది. పైగా అది పగిలాక ఇంకా చేటు చేస్తుంది: వెనక్కి దిగిన నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట.

గోడచెక్కల కింది అంచు పెంకులకు తగలకూడదు. కనీసం 25 మిల్లీమీటర్లు, వీలైతే 50 ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ వికారంగా ఉందని పూడ్చేవాళ్లున్నారు. దయచేసి పూడ్చకండి. చెక్క కోసిన చివర నీటిని పీచులా పీల్చుకుంటుంది. తడి పెంకుకు తాకుతూ ఉంటే అక్కడే పుచ్చడం మొదలవుతుంది.

ఇక ముందు మూలలు. కిటికీ కింది రేకు, పక్కగోడ మొదటి మెట్టు రేకు కలిసేచోట, డార్మర్ రెండు ముందు మూలల్లో, రేకును మడవడానికి ఒక గాటు పెట్టాల్సి వస్తుంది. ఆ గాటు కొసన గుండుసూది మొన దూరేంత రంధ్రం మిగిలిపోతుంది. పక్కగోడ వెంట జారే నీళ్లన్నీ చేరేది సరిగ్గా అక్కడికే. మంచి పనివాడు అక్కడ టంకం వేస్తాడు, లేదా మూల కోసం ప్రత్యేకంగా మలిచిన ముక్క పెడతాడు. కిటికీ కింద మూలన ఉన్న మరకకు మూలం వెతుకుతున్నప్పుడు ముందు చూడాల్సింది ఈ రంధ్రాన్నే.

రేకు కూడా అలసిపోతుంది

పాత డార్మర్లలో సీసపు రేకు ఎక్కువ. మెత్తగా వంగుతుంది, దశాబ్దాలు నిలుస్తుంది. కానీ వేడికి బాగా సాగే లోహం. మీటరున్నర పొడవున్న సీసం ముక్క 50 డిగ్రీల తేడాకు 2 మిల్లీమీటర్ల పైన పొడవు పెరుగుతుంది. చల్లటి రాత్రికీ, ఎండలో కాలే మధ్యాహ్నానికీ మధ్య కప్పుమీది లోహం ఇంతటి తేడాను చూడగలదు. ముక్కలు పొడుగైనకొద్దీ ఈ సాగుడుకు అవి ముడతలు పడి చివరికి ఆ ముడత దగ్గరే చిట్లుతాయి. అందుకే సీసపు ఫ్లాషింగ్‌ను మీటరున్నరకు మించని ముక్కలుగా, ఒకదానిమీద ఒకటి ఎక్కేలా వేయడం ఆనవాయితీ. చిట్లిన రేకుమీద తారు పూస్తే ఆ చీలిక మూసుకోదు, కదులుతూ కదులుతూ తారును కూడా చీలుస్తుంది. ఆ ముక్క మార్చడమే దారి.

ఏ లోహం పక్కన ఏ లోహం ఉందో కూడా చూడాలి. రాగి మీంచి జారిన నీరు అల్యూమినియం మీదో జింకుపూత రేకు మీదో పడితే, కింది లోహం త్వరగా తినేసుకుపోతుంది. సిమెంటు తగిలినచోట అల్యూమినియం కూడా పొడిబారి పాడవుతుంది. రేకు ఎక్కడో ఒక్కచోటే చిల్లులు పడి, మిగతాదంతా కొత్తగా ఉందంటే, ఎగువన ఏముందో తల ఎత్తి చూడండి.

లోయలు

గేబుల్ డార్మర్ పక్కన రెండు వాలులు కలిసే గాడినే లోయ అంటారు. రెండు కప్పుల నీళ్లు ఇక్కడ కలుస్తాయి కాబట్టి వాన జోరు పెరిగినప్పుడు ఇదో చిన్న కాలువ. ఎండుటాకులు అడ్డం పడ్డాయంటే నీళ్లు పక్కకు పొంగి పెంకుల కిందికి ఎక్కుతాయి. శుభ్రం చేయడం తేలికే. చేత్తోనో మెత్తటి బ్రష్‌తోనో పైనుంచి కిందికి తీయాలి. ప్రెషర్ వాషర్ మాత్రం వాడకండి. అది నీటిని కిందినుంచి పైకి, పెంకుల సందుల్లోకి కొడుతుంది, షింగిల్ మీది రక్షణ గులకను కూడా రాల్చేస్తుంది. లోయ మధ్యగీతకు అటూ ఇటూ 15 సెంటీమీటర్ల లోపు మేకు ఉండకూడదన్నది పాత నియమం. ఆ పరిధిలో మేకుతల కనిపిస్తే అది చిల్లు కిందే లెక్క. లోయలో అడుగు పెట్టి నడవడం కూడా మంచిది కాదు, కింద ఆధారం తక్కువగా ఉన్నచోట రేకు లొత్తపడుతుంది.

డార్మర్ కప్పుకు సొంత వాననీటి గొట్టం ఉండి, అది నీటిని తిన్నగా కిందికప్పు మీదికి వదిలేస్తుంటే అది కూడా సరిచేయించండి. ఏళ్ల తరబడి ఒకేచోట ధార పడితే ఆ పెంకులు మిగతావాటికంటే చాలా ముందే అరిగిపోతాయి.

వాలు తక్కువైన కప్పులు

షెడ్ డార్మర్‌లో లోపల తల తగలకుండా ఉండాలంటే కప్పు వాలు తగ్గించక తప్పదు. అక్కడే చిక్కు. మామూలు తారు షింగిల్స్‌కు 12 అడుగుల అడ్డదూరానికి 4 అడుగుల ఎత్తు, అంటే దాదాపు 18 డిగ్రీల వాలు కావాలి. 12కు 2 దాకా, అంటే తొమ్మిదిన్నర డిగ్రీల దాకా, కింద రెండు పొరల రక్షణతో వేయొచ్చు. అంతకంటే తక్కువైతే షింగిల్ పనికిరాదు, నీరు వెనక్కి పాకుతుంది. కానీ పెద్ద కప్పుకు మ్యాచింగ్‌గా ఉంటుందని ఇలాంటి వాలుమీద కూడా షింగిల్స్ వేసేస్తుంటారు. అలాంటి కప్పుకు ఎన్ని పెంకులు మార్చినా లాభం లేదు. రబ్బరు షీటో, తారు మెంబ్రేన్ అనే నీరు దిగని పొరో వేయించాలి.

సమతలంగా కనిపించే కప్పుకు కూడా కొంచెం వాలు తప్పనిసరి. మీటరుకు కనీసం 12 నుంచి 13 మిల్లీమీటర్లు, కొత్తగా కట్టేటప్పుడైతే దానికి రెట్టింపు పెట్టుకోవడం మేలు, ఎందుకంటే వాసాలు కాలక్రమంలో కొంత కుంగుతాయి. వాన ఆగి 48 గంటలైనా నీరు నిలిచే ఉంటే వాలు సరిపోలేదని అర్థం. ఈపీడీఎం అనే నల్లటి రబ్బరు షీటు మీద తారుతో చేసిన సరుకు ఎప్పుడూ పూయకండి. పెట్రోలియం ఆ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. దానికి అదే జాతి ప్యాచ్, దాని క్లీనర్, దాని జిగురే వాడాలి.

వాన లేకుండానే తడి

కొన్ని మరకలకు వానతో సంబంధమే ఉండదు. గదిలో 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే, ఆ గాలి 9 డిగ్రీల చుట్టూ ఉన్న ఏ ఉపరితలాన్ని తాకినా నీరుగా మారుతుంది. చలిరాత్రి డార్మర్ కప్పు చెక్క అంతకంటే చల్లగా ఉండటం మామూలే. డార్మర్ గోడలు పల్చన, ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) పెట్టడానికి చోటు తక్కువ, పైగా మూడువైపులా బయటిగాలి. మేకుల మొనలకు ముత్యాల్లా నీటిబొట్లు పడతాయి, తెల్లారి ఎండ తగలగానే టపటపా రాలతాయి. ఇంటివాళ్లు కప్పు కురుస్తోందనుకుని పెంకులు మార్పిస్తారు. డబ్బు పోతుంది, మరక ఉంటుంది.

తేడా పట్టుకోవాలంటే ఓపికగా తేదీలు రాసుకోవడమే మార్గం. వాన పడిన ఒకట్రెండు రోజుల్లోనే తడి కనిపిస్తే లీకు. పొడిగా ఉన్న చలిరోజుల్లో, ముఖ్యంగా తెల్లవారుజామున కనిపిస్తే లోపలి ఆవిరి. బాత్రూం ఫ్యాను గొట్టం అటకలోనే తెరిచి ఉందేమో తప్పకుండా చూడండి.

దీనివెనక డార్మర్ కట్టడంలోనే ఉన్న ఓ ఇబ్బంది ఉంది. చల్లని కప్పు పద్ధతిలో ఇన్సులేషన్‌కూ పైచెక్కకూ మధ్య 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, చూరు దగ్గర దూరిన గాలి కొప్పు దగ్గర బయటపడేలా చేస్తారు. డార్మర్ కోసం వాసాల్ని మధ్యలో కోసి అడ్డదూలం పెట్టినచోట ఆ గాలిదారి మూసుకుపోతుంది. కిటికీ కింది వాసాల మధ్య, డార్మర్ పైన ఉన్న వాసాల మధ్య గాలి కదలదు. పెద్ద రిపేరుకు కప్పు విప్పినప్పుడు ఈ గాలిదారి గురించి అడగండి. దారి తెరవడం కుదరకపోతే, ఇన్సులేషన్‌ను చెక్కకు పైనే వేసే వెచ్చని కప్పు పద్ధతికి మారొచ్చు.

మంచు పడేచోట్ల ఇదే వేడి ఇంకో రూపంలో దెబ్బతీస్తుంది. లోపలి వేడికి కరిగిన మంచు చూరు దగ్గరా లోయల్లోనూ మళ్లీ గడ్డకట్టి ఆనకట్టలా నిలబడి, నీటిని పెంకుల కిందికి నెడుతుంది. గడ్డను గొడ్డలితో కొట్టడం కంటే, గదిలోంచి పైకి వెచ్చటిగాలి కారే సందులు మూసి ఇన్సులేషన్ పెంచడమే నిలిచే పని.

లీకు ఎక్కడో పట్టుకోవడం

లోపలికి వచ్చిన నీరు వాసం వెంట నడిచి, మేకు తగిలినచోటో చెక్క అతుకు దగ్గరో బొట్టుగా పడుతుంది. అందుకే మరకకు సూటిగా పైన కాక, వాలులో ఎగువకు వెతకాలి. మీటరు, రెండు మీటర్ల దూరమైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

వెతకడానికి నీళ్ల గొట్టం చాలు. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చోవాలి, ఇంకొకరు బయట. ముందు కిటికీ కింది రేకును మాత్రమే 10 నుంచి 15 నిమిషాలు తడపాలి, ఒత్తిడి లేకుండా, వాన పడ్డట్టుగా. లోపల పొడిగా ఉంటే కిటికీ చట్రానికి, ఆ తర్వాత ఒక పక్కగోడ కిందిభాగానికి, ఆపైన లోయకు, చివరికి కొప్పుకు. తొందరపడి పైనుంచి మొదలుపెట్టారో, నీళ్లు అన్ని అతుకుల మీదినుంచీ పారి, ఏది తప్పో తేలదు. లోపలున్నవాళ్లు "తడి వచ్చింది" అన్న క్షణంలో గొట్టం ఎక్కడుందో అక్కడో, దానికి కొంచెం దిగువనో లోపం ఉన్నట్టు. కిటికీ దగ్గరే తేలితే ముందు చట్రం అడుగున నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలు మట్టితోనో రంగుతోనో మూసుకుపోయాయేమో చూడండి. చాలాసార్లు ఒక పుల్లతో సమస్య తీరిపోతుంది.

అదేరోజు కిటికీ గడప చివర్లు, పక్కగోడ అడుగులు స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. గట్టి చెక్క ఎదురు తిరుగుతుంది, పుచ్చింది మెత్తగా దిగిపోతుంది. రంగు ఉబ్బినచోట తప్పక చూడాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం పుచ్చుబూజు బతకలేదు. కాబట్టి పుచ్చిన ముక్కను గట్టి చెక్క తగిలేదాకా కోసి తీశాక, చుట్టూ ఉన్నది పూర్తిగా ఆరేవరకూ మూయకూడదు. కొత్త ముక్క కోసిన చివరకు ప్రైమర్ పట్టించడం మరవొద్దు.

ఎవరు ఎక్కాలి

నేలమీంచి చూడటం, నిచ్చెన మీంచి వాననీటి గొట్టాలు శుభ్రం చేయడం, అటకలోంచి వెతకడం ఇంటివాళ్లు చేసుకోవచ్చు. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం లెక్కన ఆనించాలి, చూరుకు మీటరు పైకి రావాలి. తడిగానో పాచిగానో ఉన్న వాలుమీద హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) లేకుండా అడుగుపెట్టడం ఎంత చిన్న పనికైనా వద్దు. స్టెప్ ఫ్లాషింగ్, లోయ, కప్పు మెంబ్రేన్ పనులు అలవాటైనవాళ్లకే ఇవ్వండి. డార్మర్ కొప్పు మధ్యలో కుంగినా, కిటికీ రెక్కలు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా అది ఫ్లాషింగ్ సంగతి కాదు, కోసిన వాసాల భారం మోసే దూలానికి ఏదో అయింది. ఇంజనీరును పిలవాలి. పాత ఇళ్లలో ఆస్‌బెస్టాస్ రేకులు, సీసం కలిసిన రంగు ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా కోయడం, రుద్దడం చేయకండి.

పనివాణ్ని ఎంచుకునేటప్పుడు నేనైతే రెండే అడుగుతాను: గోడచెక్కలు విప్పి రేకులు మారుస్తావా, వాటిని మళ్లీ మూసేముందు ఫోటోలు తీసి ఇస్తావా? మొదటిదానికి "అక్కర్లేదండీ, మాస్టిక్ కొడతాం" అని, అంటే సీలెంటులాంటిదే పూస్తామని జవాబొస్తే అక్కడితో ఆపేస్తాను. అతను వచ్చేలోగా వాన పడేట్టుంటే టార్పాలిన్ పై అంచును కొప్పు దాటించి అవతలివైపు కట్టాలి. లోపానికి కొంచెం పైనే ఆపితే నీరు దాని కిందినుంచే దూరుతుంది.

పని అయ్యాక సీలింగ్ మరకకు వెంటనే రంగు వేయించకండి. దాని అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాయండి. గాలితో కూడిన పెద్దవానలు రెండు మూడు పడనివ్వండి, ఒక చలికాలం కూడా చూడగలిగితే ఇంకా మంచిది. మరక గీత దాటకపోతే అప్పుడు రంగు డబ్బా తెరవొచ్చు.